నాన్నగారికి యాప్ నేర్పకండి, దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళడం నేర్పండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. నాన్నగారికి 71, అమ్మగారికి 66. గుంటూరులో ఇల్లు అద్దెకిచ్చేసి మియాపూర్‌లో మీ దగ్గరికి వచ్చేశారు. నాన్నగారికి స్మార్ట్‌ఫోన్ ఉంది. పొద్దున్నే వాట్సాప్‌లో పువ్వుల బొమ్మలు పంపడం, యూట్యూబ్‌లో ప్రవచనాలు వినడం బాగానే వచ్చు. కానీ ఫోన్లో మెట్రో టికెట్ తీసుకోవడం, బస్సు ఎక్కడుందో చూసుకోవడం మూడుసార్లు నేర్పినా మర్చిపోతున్నారు. "నాకెందుకమ్మా ఇవన్నీ, నువ్వే బుక్ చెయ్" అంటున్నారు. మీకు కోపమొస్తోంది, కోప్పడ్డాక బాధేస్తోంది. ఏ యాప్ తేలిక, ఎలా నేర్పాలి అని అడిగారు.

నేను హైదరాబాద్ సిటీ బస్సుల్లో 29 ఏళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ప్రతి గురువారం మా కాలనీ సంఘం గదిలో నా ఈడువాళ్ళకీ, నాకంటే పెద్దవాళ్ళకీ ఫోను పట్టుకుని ఊళ్ళో తిరగడం నేర్పుతుంటాను. కొంచెం పొడుగ్గానే చెప్తాను, టీ పక్కన పెట్టుకోండమ్మా.

ముందు నా సంగతి. నేను డ్యూటీలో చేరినప్పుడు ట్రేలో రంగురంగుల టికెట్ల కట్టలు, చేతిలో పంచ్. కళ్ళు మూసుకుని చింపి ఇచ్చేవాణ్ణి. తర్వాత టికెట్లు కొట్టిచ్చే టిమ్ మిషన్లొచ్చాయి. క్లాసులో చెప్పినంతసేపూ తలూపాను, బయటికొచ్చాక ఒక్క ముక్క గుర్తులేదు. మొదటిరోజు కోఠిలో బస్సు కిక్కిరిసి ఉంది. స్టేజీ మార్చడం ఎంతకీ రాలేదు. "ఏందయ్యా కండక్టరూ, దిగేలోపన్నా టికెట్ ఇస్తవా?" అని వెనకనుంచి ఒకావిడ. అంతే, వేళ్ళకి చెమటపట్టి బటన్ల మీద జారిపోవడం మొదలైంది. చివరికి ఆ మిషన్ నాకు పట్టుబడింది రాత్రి ఆఖరి ట్రిప్పుల్లో. బస్సులో నలుగురో ఐదుగురో ఉండేవాళ్ళు. డిపోకి పోతున్న కుర్ర కండక్టరు ఒకడు నా పక్కన నిలబడ్డాడు. మిషన్ని ముట్టుకోలేదు. "నొక్కన్నా, తప్పైతే తప్పైతది, మళ్ళీ నొక్కుదువు" అన్నాడు. అలా మూడు రాత్రులు.

పెద్దవాళ్ళకి ఫోనంటే భయం అంటారు అందరూ. ఫోనంటే భయమైతే రోజూ పొద్దున ఆ పువ్వులు ఎలా పంపుతారు? వాళ్ళ భయమల్లా గేటు దగ్గర అది పనిచెయ్యకపోతే వెనక నిలబడ్డ పదిమంది ఏమనుకుంటారోనని. జీవితమంతా పదిమందికి పని చెప్పిన మనిషి ఇప్పుడు మనవడి వయసు కుర్రాడి ముందు ఫోను చాపి "ఇదెలా బాబూ" అనాలి. దానికంటే "నాకెందుకులే" అనడం మర్యాదగా ఉంటుంది. మీ నాన్నగారు అంటున్నది అదే.

ఇంకో మాట అడుగుతాను, ఏమనుకోకండి. ఆ మూడుసార్లూ నేర్పింది ఇంట్లో సోఫాలో కూర్చునేనా? ఈత గురించి సోఫాలో చెప్పినట్టే అది. రేపు ఎక్కడికీ వెళ్ళే పని లేనప్పుడు నేర్చుకున్న టికెట్ ఎల్లుండికి గుర్తుండదు. మీకైనా ఉండదు.

కాబట్టి ఏ యాప్ తేలిక అనే ప్రశ్న పక్కన పెట్టి, నాన్నగారు ఎక్కడికి వెళ్ళాలనుకుంటున్నారో కనుక్కోండి. ఆసుపత్రి కాదు, ఆయనకి ఇష్టమైన చోటు. గుంటూరు స్నేహితుడెవరో దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటారని మీ ప్రశ్నలో ఒక మూల రాశారు. అదే పట్టుకోండి. మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా ఉన్నది ఒకటే మెట్రో ఎర్ర లైను. 27 స్టేషన్లలో దిల్‌సుఖ్‌నగర్ 24వది. ఎక్కడా మారక్కర్లేదు. పైగా మియాపూర్‌లోనే బండి బయల్దేరుతుంది కాబట్టి సీటు దొరుకుతుంది. మొదటి పాఠానికి ఇంతకన్నా మంచి దారి ఊరు మొత్తంలో లేదు. అమీర్‌పేటలో నీలం లైనుకి మారడం, పరేడ్ గ్రౌండ్‌లో, ఎంజీబీఎస్‌లో ఆకుపచ్చ లైనుకి మారడం ఇవన్నీ తర్వాత. ఆఫీసుల రద్దీ తగ్గాక, పదకొండు గంటలకి బయల్దేరండి. సెలవు పెట్టాల్సొస్తే ఒకరోజు పెట్టండి.

బయల్దేరేముందు ఫోను సంగతి చూడాలి. అరగంట పని. ఇది చెయ్యకుండా నేర్పడం మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ.

మా గదికొచ్చే పెద్దాయన ఒకాయన వేలు పెట్టి నొక్కితే ఫోను వినదు. రెండోసారి గట్టిగా నొక్కితే ఇంకేదో తెరుచుకుంటుంది. "నా మాట దీనికీ లోకువే" అనేవాడు. ఆయన వేలు పట్టుకుని చూస్తే చర్మం ఎండి కాగితంలా ఉంది. ఈ తెరలు చర్మంలోని తడిని బట్టి పనిచేస్తాయి, వయసు మీదపడ్డాక వేళ్ళు పొడిబారతాయి. అందుకే గట్టిగా, ఎక్కువసేపు అదుముతారు. ఫోనేమో దాన్ని "నొక్కి పట్టుకున్నాడు" అని అర్థం చేసుకుని వేరే మెనూ తెరుస్తుంది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అని ఉంటుంది. అందులో నొక్కి పట్టుకునే సమయం తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని మూడు ఉంటాయి. దాన్ని ఎక్కువకి మార్చాం. కాస్త కొబ్బరినూనె చేతికి రాసుకోమన్నాం. వారంలో ఆయన ఫోను ఆయన మాట వినడం మొదలుపెట్టింది.

తెర 30 సెకన్లకి ఆరిపోకుండా రెండు నిమిషాలకో ఐదు నిమిషాలకో మార్చండి. కళ్ళజోడు సర్దుకుని, అక్షరం వెతుక్కునేలోపు తెర ఆరిపోతే మళ్ళీ ప్యాటర్న్ గీసి మొదటికి రావాలి. ఆయన మర్చిపోతున్నారని మీరనుకునే వాటిలో సగం ఇదే అయ్యుండొచ్చు. అక్షరాలు పెద్దవి చెయ్యండి, అయితే మరీ చివరికంటా వద్దు, కొన్ని యాప్‌లలో బటన్ తెర కిందికి జారి కనబడకుండా పోతుంది. ఫోను తిప్పితే తెర తిరిగేది ఆపేయండి. మొదటి పేజీలో నాలుగే బొమ్మలుంచండి.

తెలుగులోకి మార్చాలా అని కూడా అడిగారు. నా అభిప్రాయం చెప్తే భాషాభిమానులు తిడతారేమో. ఆయన ఇప్పటికే ఇంగ్లీషు మెనూలతో అలవాటుపడి ఉంటే మార్చకండి. ఆయన ఆ మాటలు చదవడం లేదు, మూడో గీత కింద ఆకుపచ్చ గుండ్రం అని చోటు గుర్తుపెట్టుకున్నారు. భాష మారితే చోట్లు మారినట్టే అనిపిస్తుంది. ఫోను కొత్తగా చేతికొస్తున్న అమ్మగారికైతే మొదటినుంచీ తెలుగే పెట్టండి.

కానీ టైపు చెయ్యడం మాత్రం ఇద్దరికీ వద్దు. కీబోర్డులో మైకు బొమ్మ చూపించండి. తెలుగులో మాట్లాడితే తెలుగులోనే రాస్తుంది. మ్యాప్స్‌లో కూడా మైకు నొక్కి ఊరిపేరు చెప్పొచ్చు. ఒక్క జాగ్రత్త. మా గదిలో ఒకావిడ జీడిమెట్ల దగ్గరి చింతల్‌లో ఉన్న చెల్లెలింటికి వెళ్ళాలని "చింతల్" అంది. ఫోను ఖైరతాబాద్ దగ్గరి చింతల్‌బస్తీకి దారి చూపించింది. ఆవిడ నమ్మి బయల్దేరేదే. పేరు కింద సన్నక్షరాలతో ఉండే రెండో వరుస చదివితే గానీ కదలకూడదని ఆ రోజునుంచీ మా గదిలో నియమం.

ఇక మెట్రో. మీకు నచ్చని మాట చెప్తాను: మొదటి నెల ఫోను టికెట్ వద్దు. స్టేషన్ కౌంటర్‌లో స్మార్ట్ కార్డు కొనివ్వండి. ఛార్జింగ్ అయిపోదు, సిగ్నల్ అక్కర్లేదు, కళ్ళజోడు అక్కర్లేదు. గేటు దాటడం, ప్లాట్‌ఫారం ఎంచుకోవడం, దిగాక మళ్ళీ కార్డు చూపించడం ఇవన్నీ ఆయనకి కొత్తే. వాటి మీద ఫోను కూడా పెడితే ఒకేసారి రెండు పాఠాలు. కాళ్ళకి దారి అలవాటయ్యాక చేతికి ఫోను ఇవ్వండి.

గేటు దగ్గర ఒక చిన్న సంగతి. కార్డు రీడరు మనిషికి కుడిచేతివైపు ఉంటుంది. ఎడమచేత్తో సంచీ, కుడిచేత్తో కార్డు. చాలామంది పెద్దవాళ్ళు ఎటు దగ్గరైతే అటు పెడతారు. ఎడమవైపు పెడితే పక్కగేటు తెరుచుకుంటుంది. ఈయన ముందున్న గేటు కదలదు. పక్కాయన నవ్వుతూ ఈయన డబ్బులతో లోపలికి వెళ్ళిపోతాడు. మా బృందంలో ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారికి ఇదే జరిగితే ఆరునెలలు మెట్రో ఎక్కలేదు. మీరు ముందు దాటి చూపించకండి, వెనక నిలబడండి. ముందు నిలబడితే ఆయన మిమ్మల్ని చూస్తారు, రీడర్ని చూడరు. వెనక నిలబడితే ఇంకో లాభం కూడా ఉంది. వెనకున్నది కూతురే కాబట్టి ఎవరో తొందరపెడతారన్న బెంగ ఉండదు.

లిఫ్టు ఎక్కడుందో అక్కడికి తీసుకెళ్ళి చూపించండి. అమ్మగారు చీరకట్టులో ఎస్కలేటర్ ఎక్కడానికి జంకుతారు. ఆ జంకు వల్లే మెట్రో వద్దనేవాళ్ళు ఎంతమందో. పైకి మాత్రం "అంత దూరం ఎందుకులే" అంటారు. బండిలో కూర్చున్నాక ప్రతి స్టేషన్ పేరూ తెలుగు, హిందీ, ఇంగ్లీషుల్లో చెప్తుంది, తలుపులు ఏవైపు తెరుచుకుంటాయో కూడా చెప్తుంది. ఆయన్ని వినమనండి. మూసారంబాగ్ అనగానే లేచి నిలబడాలి, తర్వాతదే మనది. మేం బస్సులో "వచ్చే స్టాపు ఎవరండీ" అని అరిచేది ఇందుకే.

కార్డుతో నాలుగైదుసార్లు వెళ్ళొచ్చాక వాట్సాప్ టికెట్ మొదలెట్టండి. 2022 నుంచీ ఉంది ఇది. ఆయనకి కొత్త యాప్ అక్కర్లేదు, పువ్వులు పంపే చోటే టికెట్ కూడా వస్తుంది. మెట్రోవాళ్ళ నంబరు స్టేషన్లో బోర్డు మీద చూసి మీరే సేవ్ చెయ్యండి, ఎవరో ఫార్వర్డ్ చేసింది మాత్రం వద్దు. హాయ్ అని పంపితే లింకు వస్తుంది, ఎక్కే స్టేషను, దిగే స్టేషను ఎంచుకుని డబ్బు కడితే క్యూఆర్ టికెట్ వస్తుంది. టికెట్ ఇంటి దగ్గరే తెరిచి చూసుకోవాలి, గేటు దగ్గర కాదు. గేటుకి పదడుగుల దూరంలో గోడపక్కన ఆగి, తెర వెలుగు పూర్తిగా పెంచి, క్యూఆర్ పెద్దగా కనబడేలా పెట్టుకుని అప్పుడు నడవాలి. రీడరు అద్దానికి ఫోను ఆనించకూడదు, నాలుగు వేళ్ళ ఎత్తులో కదలకుండా పట్టుకోవాలి. చెయ్యి వణికేవాళ్ళు రెండో చెయ్యి ఆసరా పెట్టుకోవాలి. టికెట్ దిగేదాకా తుడిచెయ్యకూడదు, బయటికి రావడానికీ అదే కావాలి.

నేర్పేటప్పుడు ఒక్కటే కట్టుబాటు: ఫోను మీ చేతిలోకి తీసుకోకండి. చాలా కష్టం, నాకు తెలుసు. ఆయన వేలు అటూ ఇటూ తిరుగుతుంటే మీ చెయ్యి దానంతటదే పోతుంది. "ఇలా ఇవ్వండి నాన్నా" అని లాక్కుని టకటకా మూడు నొక్కులు నొక్కి "చూశారా, ఇంతే" అంటారు. ఆయన చూసింది మీ వేలి వేగం, అంతే. మా గదిలో నేర్పే పిల్లలు చేతులు వెనక్కి కట్టుకోవాలి. నవ్వుకుంటూనే కట్టుకుంటారు.

రాసుకోవడం ఆయన చేతే చేయించండి. మీరు చక్కగా టైపు చేసి ప్రింటు తీసిచ్చిన కాగితం బీరువాలోకి పోతుంది. ఆయనకి జేబులో పట్టే నోటుబుక్కు ఇవ్వండి, ఆయన మాటల్లో రాసుకోనివ్వండి. మా హెడ్‌మాస్టరుగారి పుస్తకంలో యూపీఐ పేజీ ఇలా ఉంటుంది: "నల్ల చుక్కల చదరం మీద ఫోను చూపవలెను. పేరు సరిచూడవలెను. రహస్య సంఖ్య ఎవరికీ చెప్పరాదు, శ్రీమతికి సైతం." ఆయనకి ఎవరూ ఏమీ మళ్ళీ చెప్పాల్సిన పని రాలేదు. పిన్ నంబరు మాత్రం ఆ పుస్తకంలో రాయనివ్వకండి.

ఇప్పుడు అసలు పాఠం. దీన్ని నేర్పేవాళ్ళు దాదాపు లేరు. అన్నీ సవ్యంగా జరిగితే ఏం చెయ్యాలో అందరూ చెప్తారు. నేను ముందు చెడగొట్టడం నేర్పుతాను. రెండో ప్రయాణంలో కావాలనే లక్డీకాపూల్‌లో దిగిపోండి. "అయ్యో తప్పు స్టేషన్లో దిగాం నాన్నా, ఇప్పుడెలా?" అనండి. ఆయనే చూస్తారు: గేటు దాటకపోతే నష్టం లేదు, అదే ప్లాట్‌ఫారం మీద వచ్చే బండి మళ్ళీ ఎక్కొచ్చు. ఇంకోరోజు డేటా ఆపేసి గేటు దగ్గర నిలబడమనండి. ఇంకోరోజు ఫోనే ఆపేయండి. కౌంటర్‌కి వెళ్ళి డబ్బిచ్చి టికెట్ తీసుకోవడమే దానికి మందు. జేబులో రెండు వందనోట్లు, ఒక చీటీ మీద మీ నంబరు, చిల్లర కొంత. ఫోను వచ్చింది కదా అని జేబులో డబ్బు మానేసినవాళ్ళే ఇబ్బంది పడ్డారు నేను చూసినంతలో. తప్పు చేసి బయటపడ్డ మనిషికి ధైర్యం వస్తుంది. తప్పే చెయ్యనివాడికి, ఏదో ఒకరోజు జరుగుతుందన్న బెంగ అలాగే ఉంటుంది.

బస్సు దగ్గరికొస్తే నేను కొంచెం పక్షపాతిని, మన్నించాలి.

టీజీఎస్‌ఆర్టీసీకి గమ్యం అని యాప్ ఉంది, 2023 ఆగస్టులో వచ్చింది. బస్సు ఎక్కడుందో, మీ స్టాపుకి ఎంతలో వస్తుందో చూపిస్తుంది. మంచిదే. అయితే ఏ యాపైనా చూపించేది బండికి బిగించిన పరికరం పంపే జాడ. అన్ని సర్వీసులకీ అది ఉండదు. బోనాలప్పుడో నిమజ్జనమప్పుడో దారి మళ్ళిస్తే తెరమీద చూపే నిమిషాల మీద నమ్మకం పెట్టుకోకూడదు. కాబట్టి నాన్నగారికి యాప్‌తోపాటు బోర్డు చదవడం నేర్పండి. నంబరు ఒక్కటే చూస్తే చాలదు, పక్కన అక్షరం కూడా చూడాలి. మీ మియాపూర్ మీదుగా పోయే 218 కోఠి వెళ్తుంది. దాని పక్కన డి ఉంటే దిల్‌సుఖ్‌నగర్ వెళ్తుంది. ఒక్క అక్షరం తేడాతో మనిషి మూసీకి ఇవతల దిగిపోతాడు. ఎక్కేముందు కండక్టర్ని ఒక్కమాట అడగమనండి. నేను డ్యూటీలో ఉండగా రోజుకి వందసార్లు చెప్పాను, విసుగొచ్చినా చెప్పాను. ఇప్పటివాళ్ళూ చెప్తారు.

కొత్త మిషన్లున్న బస్సుల్లో యూపీఐతో టికెట్ తీసుకోవచ్చు. అది నాన్నగారికి బాగా నచ్చుతుంది చూడండి. టికెట్ వెనక పెన్నుతో "8 రూ." అని రాసిచ్చి దిగేటప్పుడు తీసుకోమంటే మర్చిపోయి దిగిపోయిన బాధ ఆ తరంవాళ్ళందరికీ ఉంది. రాసినవాణ్ణి నేనే కాబట్టి చెప్తున్నా.

అమ్మగారి విషయంలో ఒక చిక్కుంది. తెలంగాణలో మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్ళకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం, కానీ తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపుకార్డు చూపాలి. అమ్మగారి ఆధార్‌లో గుంటూరు ఉంటే ఇక్కడ జీరో టికెట్ రాదు. ఆంధ్రలో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలైంది కాబట్టి అదే కార్డుతో అక్కడ ఉచితం. ఇక్కడే ఉండిపోతారా, పండగలకీ పబ్బాలకీ అక్కడ ఎక్కువ తిరుగుతారా చూసుకుని ఆధార్ మార్చాలా వద్దా తేల్చుకోండి. ఏ కార్డైనా అసలుదే సంచీలో ఉండాలి. ఫోన్లో ఫొటో ఉంది కదా అంటే ఇక్కడి కండక్టరు ఒప్పుకోడు, అతని ఉద్యోగం అతనిది. పేరుకి మెట్రో ఎక్స్‌ప్రెస్ అయినా అది బస్సు. మెట్రో రైలుకీ ఈ ఉచితానికీ సంబంధం లేదు. ఈ ఒక్క మాట దగ్గర మా గదిలో ఎంత గందరగోళం జరిగిందో!

గుంటూరు వెళ్ళిరావడం గురించి క్లుప్తంగా. ఏపీఎస్‌ఆర్టీసీ బస్సుల్లో అరవై దాటినవాళ్ళకి 25 శాతం రాయితీ ఉంది. ఆన్‌లైన్‌లో తీసుకునేటప్పుడు సీనియర్ సిటిజన్ అని ఎంచుకోవాలి, వయసు రుజువు దగ్గరుంచుకోవాలి. అక్కడి ప్రభుత్వం 2025 జనవరిలో మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవలో, 9552300009 నంబరు మీద, ఈ టికెట్లు కూడా తీసుకోవచ్చు. రైల్లో మాత్రం పెద్దవాళ్ళ రాయితీ 2020 మార్చిలో ఆగింది, మళ్ళీ రాలేదు. కానీ కింది బెర్తుల కోటా ఉంది: మగవాళ్ళకి 60, ఆడవాళ్ళకి 45 ఏళ్ళు నిండితే చాలు. ఇక్కడే పిల్లలు పొరపాటు చేస్తారు. అమ్మానాన్నలతోపాటు తాము కూడా ఒకే టికెట్‌లో బుక్ చేస్తారు. ఆ కోటా ఒంటరిగా గానీ, అర్హత ఉన్న ఇద్దరే గానీ ఉన్న టికెట్‌కి. వాళ్ళిద్దరిదీ విడిగా ఆ కోటాలో తీయండి, మీది వేరే తీసుకోండి. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందునుంచే దొరుకుతుంది, పాతకాలపు 120 రోజుల లెక్క నాన్నగారి తలలో ఉంటే చెప్పండి.

2025 జులైలో రైల్వేవాళ్ళు తెచ్చిన రైల్‌వన్ యాప్‌లో రిజర్వేషను, ఎంఎంటీఎస్ లోకల్ రైళ్ళ లాంటి మామూలు టికెట్లు, ప్లాట్‌ఫారం టికెట్ అన్నీ ఒకచోటే ఉన్నాయి. పొడుగాటి పాస్‌వర్డు బదులు చిన్న పిన్‌తో తెరవచ్చు. రిజర్వేషన్ మాత్రం మీరే చేసిపెట్టండి. ఏడాదికి నాలుగుసార్లు చేసే పని నేర్పితే ప్రతిసారీ కొత్తే. రైలు ఎక్కడుందో చూసే వేర్ ఈజ్ మై ట్రైన్ మాత్రం నేర్పండి. తెలుగులో ఉంది, రైల్లో కూర్చున్నాక నెట్ లేకపోయినా సెల్ టవర్ల ఆధారంగా ఎక్కడున్నామో చెప్తుంది. పెద్దవాళ్ళు దానికి ఇట్టే అతుక్కుపోతారు. మిర్యాలగూడ దాటిందని పక్క సీటాయనకి చెప్పడంలో వాళ్ళకో హోదా ఉంది.

డబ్బు సంగతి చెప్పకుండా ముగించలేను. మా దగ్గరికొచ్చే ఒకాయనకి ఒక టికెట్ యాప్‌లో డబ్బు కట్టయింది, టికెట్ రాలేదు. 40 రూపాయలు. ఆయన ఇంటర్నెట్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి ఫోన్ చేశాడు. అవతల మాట్లాడినవాడు ఎంతో మర్యాదగా "సార్, మీ డబ్బు ఇప్పుడే వేస్తాను" అని ఇంకో యాప్ వేయించాడు. తెర మొత్తం వాడికి కనబడింది. 18 వేలు పోయాయి. ఆ 40 రూపాయలు మూడోరోజు వాటంతటవే వెనక్కొచ్చాయి. చాలావరకు అలాగే వస్తాయి, రెండు మూడు రోజులు ఊరుకుంటే చాలు. ఆయన ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, కొడుకు తిడతాడని. నాకు చెప్పేసరికి పదకొండు రోజులు. వెంటనే 1930కి ఫోన్ చేసి ఉంటే కొంతైనా ఆపే అవకాశం ఉండేది. కాబట్టి నాన్నగారికి మూడు సంగతులు: నంబరు వెతకొద్దు, డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ ఉండదు, పోయినా సరే ముందు మీకు చెప్పాలి. మూడోది మీ చేతిలో ఉంది. వంద రూపాయలు పోయినప్పుడు మీరెలా మాట్లాడతారో చూసే ఆయన పదివేలు పోయినప్పుడు చెప్పాలో వద్దో తేల్చుకుంటారు.

పింఛను పడే ఖాతాకి యూపీఐ కలపకండి. వేరే ఖాతాలో రెండు మూడు వేలుంచి దానికి కలపండి. లేదంటే 2024లో వచ్చిన యూపీఐ సర్కిల్ చూడండి. భీమ్ లాంటి యాప్‌లలో ఉంది. ఆయన ఫోన్‌తో స్కాన్ చేస్తే మీ ఖాతాలోంచి డబ్బు వెళ్తుంది. నెలకి గరిష్ఠంగా 15 వేలు, ఒక్కసారికి 5 వేలు, అంతకు తక్కువే మీరు పెట్టుకోవచ్చు. దాన్లో ఇంకో పద్ధతి ఉంది, ఆయన కట్టిన ప్రతిసారీ మీరు ఒప్పుకోవాలి. అది మాత్రం వద్దండీ. దిల్‌సుఖ్‌నగర్‌లో స్నేహితుడికి టీ ఇప్పించి కూతురు ఒప్పుకునేదాకా కొట్టు ముందు నిలబడ్డ మనిషి మళ్ళీ ఆ ఫోను ముట్టుకోడు.

అన్నీ నేర్చుకోవాలని పట్టుబట్టకండి. మా గదిలో ఐదేళ్ళుగా వస్తున్న ఒకావిడకి వచ్చింది మెట్రో కార్డు, మైకు, వాట్సాప్‌లో లొకేషన్ పంపడం, ఈ మూడే. ఆవిడ ఒంటరిగా సికింద్రాబాద్ వెళ్ళి ఉజ్జయినీ మహంకాళి దర్శనం చేసుకుని వస్తుంది. బస్సు యాప్ ఎందుకు నేర్చుకోలేదంటే "స్టాపులో నలుగురు మాట్లాడుకునేవాళ్ళుంటారు కదయ్యా" అంది. నాకేం చెప్పాలో తోచలేదు.

నాలుగైదుసార్లు మీరు వెంట వెళ్ళాక, ఒకసారి అదే బండిలో వేరే పెట్టెలో ఎక్కండి. ఆ తర్వాత ఆయన ఒక్కరే. బయల్దేరేముందు వాట్సాప్‌లో లైవ్ లొకేషన్ ఆయన చేతే పెట్టించండి. పావుగంట, గంట, ఎనిమిది గంటలు అని అడుగుతుంది, ఎనిమిది పెట్టించండి. మీ ఫోన్లో ఆయన బొమ్మ ఎర్రగడ్డ దాటుతుంది, ఖైరతాబాద్ దాటుతుంది. ఎక్కడో ఐదు నిమిషాలు ఆగిపోయినట్టు కనబడుతుంది. మీ గుండె ఆగినంత పనవుతుంది. ఫోన్ చెయ్యకండి. సరిగ్గా గేటు దగ్గర క్యూఆర్ చూపిస్తుంటే మీ ఫోనొస్తే తెరమీద టికెట్ పోయి మీ ఫొటో వస్తుంది, వెనక పదిమంది నిలబడి ఉంటారు.

ఆయన దిగాక ఆయనే ఫోన్ చేస్తారు. అమీర్‌పేటలో లైను మారడం ఎలాగో అప్పుడు అడగండి, చెప్తాను.